ఆయన మాట, నా నోరు

యలమంచిలి

నేను వేరేవాళ్ల మాటలు మోసుకుంటూ ఊళ్లు తిరిగే మనిషిని. మా చర్చి సంఘాల్లో ఇంగ్లిషు ప్రసంగీకులు వచ్చినప్పుడు పక్కన ఇంకో మైకు పట్టుకుని నిలబడి, వాక్యానికి వాక్యం తెలుగులో అరుస్తాడే, ఆ తర్జుమా మాస్టారునన్నమాట. ఆయన చెయ్యెత్తితే నేనూ ఎత్తాలి. ఆయన గొంతు వణికితే నా గొంతూ వణకాలి. ఆయన "నేను" అంటే నేను కూడా "నేను" అనే అనాలి. "ఆయన ఏమంటున్నారంటే" అని మొదలుపెట్టామా, సభ చల్లారిపోతుంది. ఈ లెక్కన ఇప్పటిదాకా నేను తాగుబోతుగా ఉండి మారాను, జైల్లో రక్షణ పొందాను, విమానం కూలినా బతికి బయటపడ్డాను. నిజానికి నేను విమానం ఎక్కిందే లేదు.

మిగతా రోజుల్లో రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. మార్చి మొదట్లో నర్సీపట్నం నుంచి ఒక పాస్టరు గారు ఫోన్ చేశారు. ఊళ్లో ఒక సాయంత్రం, కొయ్యూరు దాటాక కొండ మీద ఒక సాయంత్రం కూటాలు. కేరళ నుంచి కురియన్ గారనే రిటైర్డు ఇంజనీరు వస్తున్నారు. అంశం: సృష్టిలో దేవుని డిజైను. "సైన్సు మాటలుంటాయి మాస్టారూ, మీరు తప్ప ఇంకెవరూ తిప్పలేరు" అన్నారు.

ఒప్పుకున్నాను. ఒప్పుకున్నానే గానీ, ప్రాణుల్ని దేవుడు కూర్చుని గీసి చేశాడనే ఆ డిజైను వాదం మీద నాకు నమ్మకం పోయి చాలా కాలమైంది. ఆ సంగతి సంఘంలో ఎవరికీ తెలియదు. తెలిస్తే నా చేతిలో మైకు పోతుంది. మైకు పోతే ఆదివారం ఆఖరి బెంచీలో కూర్చుని లేచి రావడమే తప్ప నాకక్కడ పనీ ఉండదు, పలకరించేవాళ్లూ ఉండరు. అదీ నా భయం, దాచడం ఎందుకు?

పాసింజరు బండి దిగి యలమంచిలి బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాను. ప్లేటు ముప్ఫై రూపాయలు. మా వైపు బొంబాయి చట్నీ అని పోసేది ఇక్కడ అడగందే రాదు, అల్లం పచ్చడి మాత్రం అడక్కుండానే గరిటెడు వేశారు. కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. నర్సీపట్నం బస్సులో పక్కన ఒక పెద్దాయన బెల్లం దిమ్మ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏ పని మీద బాబూ?"

"సభలో మాట్లాడ్డానికి."

"ఏ పార్టీ?"

పార్టీ కాదు, క్రైస్తవ సభ అని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే బిర్యానీ పేకెట్లు ఉండవన్నమాట" అని కిటికీ వైపు తిరిగాడు. దారి పొడుగునా చెరుకు బళ్లు, జీడిమామిడి తోటలు. పూత పోయి పిందెలు దిగుతున్నాయి. మాట్లాడేవాళ్లు లేక వాటినే చూస్తూ కూర్చున్నాను.

నర్సీపట్నం

లాడ్జిలో కురియన్ గారు నా కోసం ఎదురుచూస్తున్నారు. డెబ్బై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో చిన్న బైబిలు. జీవితమంతా నీటి పంపులు డిజైను చేశారట. భార్య పోయి చాలా ఏళ్లయింది. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకుని, "ఈ మూడు రోజులూ మనిద్దరం ఒకే మనిషి" అన్నారు ఇంగ్లిషులో. ప్రేమగానే అన్నారు. నేనే ముందుగా చేతులు వెనక్కి తీసుకున్నాను.

సాయంత్రం కూటం బాగా నిండింది. కురియన్ గారి సాక్ష్యం, అంటే తనకి నమ్మకం ఎలా కుదిరిందో చెప్పడం, చిన్నది, గట్టిది. గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు తెర మీద ఆయన గుండెనే ఆయనకు చూపించారట. కవాటాలు మూసుకోవడం, తెరుచుకోవడం చూసి, "నేను జీవితమంతా చేసింది ఇంతకన్నా నాసిరకం పంపులే. వాటికే ఒక ఇంజనీరు కావలసి వస్తే దీనికి వద్దా?" అనుకున్నారట. అదే నేనూ అన్నాను, ఛాతీ మీద చెయ్యి వేసుకుని, ఆయన వేసుకున్నట్టే. జనం స్తోత్రం, స్తోత్రం అన్నారు.

కూటం అయ్యాక ప్రార్థన కోసం అందరూ కురియన్ గారి దగ్గర వరసకట్టారు. నేను వైరు చుడుతున్న మైకు మనిషి పక్కన నిలబడ్డాను. ఒకావిడ నా దగ్గరికొచ్చి జాలిగా, "ఇప్పుడు గుండె ఎలగుందండి? మెట్లు ఎక్కగలుగుతున్నారా?" అంది. నాకు గుండె జబ్బేమీ లేదమ్మా అన్నాను. "దేవుడు పూర్తిగా బాగుసేసీసేడన్నమాట!" అని పక్కావిడకి కూడా చెప్పింది. నవ్వొచ్చింది గానీ ఆ నవ్వు పంచుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

భోజనం ఒక విశ్వాసి ఇంట్లో. నాటుకోడి పులుసు, బియ్యపు రొట్టె. మా గోదావరి వైపు దైవజనులకు వడ్డించాక ఇంటివాళ్లు కూడా పక్కన కూర్చుంటారు. ఇక్కడ మేం తిని లేచేదాకా అందరూ గోడకానుకుని నిలబడే ఉన్నారు, ఎంత చెప్పినా కూర్చోలేదు. అంతమంది చూస్తుంటే ముద్ద దిగలేదు.

బలిఘట్టం

మర్నాడు జీపు మధ్యాహ్నానికి గానీ రాదన్నారు. కురియన్ గారు విశ్రాంతి తీసుకుంటున్నారు. నేను పొద్దున్నే ఆటో ఎక్కి బలిఘట్టం వెళ్లాను. అక్కడ వరాహ నది ఉత్తరం వైపు తిరుగుతుందని భక్తులకు గురి. ఆ తిరుగుడు చూద్దామని నా సరదా. మార్చి కదా, పాయ సన్నగా ఉంది. గుళ్లో గంట మోగుతోంది.

"దర్శనం అయిపోనాదా?" అని అడిగింది టీ కొట్టావిడ.

"నేను క్రిస్టియన్ని అమ్మా. ఊరికే ఏరు చూద్దామని వచ్చాను."

"అయితే ఏటి? టీ తాగుతారా, మానేత్తారా?"

పది రూపాయల టీ, అల్లం ఘాటుగా ఉంది. రాయి మీద కూర్చుని తాగుతూ, అసలు నేను ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చానో అని ఆలోచనలో పడ్డాను.

చిన్నప్పుడు సండే స్కూల్లో బొమ్మలు అంటించి ఆరు రోజుల సృష్టి చెప్పేవాళ్లు. నాలుగో రోజు సూర్యుణ్ణి అంటించే అవకాశం నాకే రావాలని కొట్లాడేవాణ్ణి. పీజీలో చేరాక ఆ ఆరు రోజులు నిలబడలేదు. అప్పుడు డిజైను వాదం దొరికింది. హమ్మయ్య అనిపించింది. రోజులంటే యుగాలే అనుకున్నా, కన్నూ కణమూ మాత్రం ఎవరో కూర్చుని గీసినవే అని నాకు నేనే చెప్పుకుని, సంఘాల్లో కూడా చెప్పి, బాగా చప్పట్లు కొట్టించుకున్నాను.

అది కూడా పోయింది. ఒక్కరోజులో పోలేదు, జుట్టు నెరిసినట్టు పోయింది. మన గొంతుకి వెళ్లే ఒక నరం ఉంది. తిన్నగా మెదడు నుంచి గొంతుకి వెళ్లకుండా ఛాతీలోకి దిగి, గుండె దగ్గర రక్తనాళం చుట్టూ తిరిగి, మళ్లీ పైకొస్తుంది. చేప లాంటి పూర్వీకుల్లో అది దగ్గర దారే. మెడ పొడుగయ్యే కొద్దీ నరం సాగుతూ వచ్చింది. ఏ ఇంజనీరూ వైరు అలా లాగడు. ఏటా ఆ పాఠం చెబుతూ చెబుతూ నాకే అర్థమైంది, జీవం గీసింది కాదు, పెరిగింది. దేవుణ్ణి వదల్లేదు నేను. బల్ల ముందు స్కేలు పట్టుకుని కూర్చున్న దేవుణ్ణి వదిలేశాను.

ఈ మాట ఎవరికి చెప్పను? స్టాఫ్ రూములో నేను "పాస్టరు గారు", అక్కడ చెబితే "ఇన్నాళ్లకా!" అని నవ్వుతారు. సంఘంలో చెబితే నా కోసం ఉపవాస ప్రార్థన పెడతారు. ఇంట్లో ఒకసారి చెప్పాను. మా ఆవిడ కూర తిప్పడం ఆపకుండానే, "ఈ మాట ఈ వంటింట్లోనే ఉండనివ్వండి, పిల్లకి సంబంధాలు చూస్తున్నాం" అంది. అంతే. ఏటి గట్టున టీ గ్లాసు పట్టుకుని కూర్చుంటే, లోకంలో ఇంత జనం ఉండి ఈ ఒక్క మాటకి తోడు లేకపోవడం ఏమిటని ఏడుపొచ్చింది.

కొయ్యూరు దాటాక

కొయ్యూరు దాటిన తర్వాత రోడ్డు పేరుకే రోడ్డు. ఒకచోట జీపు టైరు రాళ్లలో ఇరుక్కుంటే కురియన్ గారు దిగి, ఏ చక్రం కింద ఏ రాయి పెట్టాలో డ్రైవరుకి చెప్పబోయారు. నేను తర్జుమా మొదలుపెట్టేలోగానే డ్రైవరు బండి లాగించేశాడు. ఆయన మొహం చూసి అందరం నవ్వాం, ఆయన కూడా నవ్వారు. మంచి మనిషి.

ఊళ్లో గుమ్మంలోనే చెంబుతో కాళ్లకు నీళ్లిచ్చారు. తర్వాత చోడి అంబలి. చోళ్లంటే మా వైపు రాగులు. అరుగుల నిండా చింతపండు, కొండచీపుర్లు ఆరబెట్టి ఉన్నాయి. చీపురు కట్ట ఇక్కడ ముప్ఫై, కిందికి దిగితే ఎనభై అట. చర్చి రేకుల షెడ్డు. ఆడవాళ్లు కొంగులో గుప్పెడు గుప్పెడు బియ్యం తెచ్చి బుట్టలో పోస్తున్నారు. మా ఊళ్లో కూడా మా అమ్మమ్మ హయాంలో ఉండేది ఈ అలవాటు, ఇప్పుడు కానుకలకి స్కానర్ అంటించారు.

ముందు వరసలో ఒకామె, ముప్ఫై ఏళ్లుంటాయేమో, ఒళ్లో తొమ్మిదీ పదేళ్ల పిల్లని పడుకోబెట్టుకుని కూర్చుంది. పిల్ల కళ్లు పచ్చగా ఉన్నాయి. మోకాళ్లు వాచి ఉన్నాయి. పేరు రూతమ్మ అని, కూతురు దీవెనకి సికిల్ సెల్ అని, పాస్టరు గారు నా చెవిలో చెప్పారు. రక్తకణం గుండ్రంగా కాక కొడవలిలా వంగిపోయే జబ్బు. నేను ఏటా పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే పాఠమే. బొమ్మకి కళ్లుంటాయని, అవి నన్నే చూస్తాయని ఎప్పుడూ అనుకోలేదు.

ఆ రాత్రి కురియన్ గారు పంపు నుంచి పంపులో పారేదానికి వచ్చారు. పాపం, ఆయనకి ఆ పిల్ల సంగతి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పి ఉండాల్సింది, అప్పటికే మైకు చేతికొచ్చేసింది. "నీ ఒంట్లో ఒక్క రక్తకణం కూడా పొరపాటున పుట్టలేదు" అన్నారు. నేను ఒక్క క్షణం ఆగాను. ఆయన నా వైపు చూశారు. "నీ ఒంట్లో ఒక్క రక్తకణం కూడా పొరపాటున పుట్టలేదు!" అని అరిచాను. "ప్రతి కణాన్నీ ఆయన ఇలాగే ఉండాలని అనుకుని చేశాడు!" రూతమ్మ పిల్ల తల నిమురుతున్న చెయ్యి ఆపేసింది. అది నేను చూశాను.

జీపు దగ్గర

పొద్దున్నే తిరుగు ప్రయాణం. దీవెనని నర్సీపట్నం ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తం ఎక్కించే రోజు కూడా అదే, అందుకని జీపులో తల్లీకూతుళ్లకి చోటు ఉంచారు. రూతమ్మ వచ్చింది. సంచి లేదు, చెప్పులు లేవు. పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడింది.

"మేం రామండి" అంది.

"ఏంటమ్మా రావు? నెలనెలా వెళ్లేదే కదా!" అన్నారు పాస్టరు గారు.

ఆమె ఆయనతో మాట్లాడలేదు. కురియన్ గారి వైపు కూడా చూడలేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"రాత్రి మీరే గదండి సెప్పేరు? ఒక్క కణం కూడా పొరపాటు కాదు, అలగే ఉండాలని దేవుడు సేసేడని. మరి దేవుడు అలగ సేసిన రగతాన్ని తీసీసి ఎవుల్దో రగతం ఎక్కిత్తే, నాను ఆయనికి ఎదురు తిరిగినట్టు కాదా? ఇన్నాల్లూ తెలీక సేసేను. తెలిసి సేత్తే పాపం గదండి."

ఆమె వెక్కిరించడం లేదు. నిజంగానే అడుగుతోంది. విన్న మాటని విన్నట్టు నమ్మి, దాని వెంట చివరిదాకా నడిచి వచ్చి అక్కడ నిలబడింది. చప్పట్లు కొట్టినవాళ్లం మేమెవ్వరం అంత దూరం నడవలేదు.

కురియన్ గారు ఏమంటోందని అడిగారు. చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. "అయ్యో, అలా కాదని చెప్పు. డాక్టరు కూడా దేవుని చెయ్యే అని చెప్పు" అన్నారు. చెప్పాను.

"అది సరేనండి. ఈ రగతం దేవుడు సేసిందేనా, కాదా? అదొక్కటి సెప్పండి" అంది రూతమ్మ.

అదీ తిప్పి చెప్పాను. కురియన్ గారు చేతిలో బైబిలు తిరగేయసాగారు. తర్జుమా చేయడానికి నాకేమీ లేదు. పాస్టరు గారు, డ్రైవరు, చుట్టూ చేరిన ఊరు, అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. రాజమండ్రిలో నా బెంచీ, నా మైకు, మా ఆవిడ మాట, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. పిల్ల నిలబడలేక తల్లి కాలికి ఆనుకుంది.

"రూతమ్మా, ఇది ఆయన మాట కాదు, నా మాట" అన్నాను. "ఈ కొండల్లో వెనకటికి చలిజ్వరం, అదే మలేరియా, ఎలా ఉండేదో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు."

"మా అమ్మమ్మ పిల్లలు దాంతోటే పోనారండి."

"ఆ జ్వరాల కాలంలో కొందరి రక్తంలో చిన్న మార్పు ఉండేది. ఎవరూ గీసి పెట్టింది కాదు, దానంతట అది వచ్చింది. అమ్మ దగ్గర్నుంచో నాన్న దగ్గర్నుంచో, ఒక్కరి నుంచే వస్తే అది ఆ జ్వరం నుంచి మనిషిని కొంత కాస్తుంది. అందుకని ఆ రక్తం ఉన్నవాళ్లు ఎక్కువగా బతికి పిల్లల్ని కన్నారు. తరతరాలుగా ఇక్కడ నిలిచిపోయింది. నీలోనూ మీ ఆయనలోనూ ఆ సగమే ఉండి ఉంటుంది, అందుకే మీకు బాధ లేదు. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం ఇదిగో, ఇలా నొప్పి పెడుతుంది. ఇది నీ పాపం కాదు. ఈ పిల్లకి నొప్పి పెట్టాలని దేవుడు బల్ల ముందు కూర్చుని గీసింది కాదు. అలా గీసేవాడైతే నేను ఆయనకి దణ్ణం పెట్టను. ఆసుపత్రికి పద."

పాస్టరు గారు "మాస్టారూ!" అన్నారు.

రూతమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "మరైతే సూస్తా ఊరుకున్నాడా?" అంది.

"తెలీదమ్మా."

"తెలీదా?"

"తెలీదు. నన్ను నేను రోజూ అడుగుతూనే ఉన్నాను, జవాబు దొరకలేదు."

ఆమె పిల్ల కాళ్ల వైపు చూసి, "ఒలే, నీ సెప్పులేవే? బేగి ఎల్లి తే... వద్దులే, నానే తెత్తాను, నువ్వు బండెక్కు" అని ఇంటివైపు పరుగెత్తింది.

నర్సీపట్నం, మళ్లీ

దిగుతున్నంతసేపూ దీవెన నా ఒళ్లోనే ఉంది, ఉంచిన చోటు ఇద్దరికీ చాలలేదు. కుదుపు వచ్చినప్పుడల్లా నా వేలు గట్టిగా పట్టుకునేది. రూతమ్మకి ఏం చెప్పావని కురియన్ గారు అడిగారు. నా మాటల్ని నేనే ఇంగ్లిషులోకి తిప్పి చెప్పాను. "అంటే ఈ మూడు రోజులూ నా పక్కన నమ్మకుండానే నిలబడ్డావా?" అన్నారు. అవునన్నాను. "నేను ఒకే మనిషి అనుకున్నాను" అని కిటికీ వైపు తిరిగారు. ఆ మాట తగిలిన చోట ఇప్పటికీ నొప్పిగానే ఉంది. ఆయన్ని మోసం చేయాలని కాదు, పలకరింపులు పోతాయన్న భయంతో చేశానని చెప్పాలనుకుంటూనే దీవెన కాళ్లు సర్దుతూ కూర్చున్నాను.

ఆసుపత్రి దగ్గర తల్లీకూతుళ్లు దిగారు. రూతమ్మ నా నంబరు అడిగి ఫోన్లో వేసుకుంది. బస్టాండులో పాస్టరు గారు చెయ్యి పట్టుకుని, "మీరు మంచివారే మాస్టారూ. కానీ మంద చిన్నది, గందరగోళం పడిపోతుంది. వచ్చే కూటాలకి ఇంకెవరినైనా చూస్తాంలెండి" అన్నారు. కోపంగా అని ఉంటే బాగుండేది. బస్సులో పక్క సీటు యలమంచిలి దాకా ఖాళీగానే ఉంది.

ఇంటికొచ్చాక

మాట నాకన్నా ముందే రాజమండ్రి చేరింది. కూటాల సీజను నడుస్తోంది, నాకు ఒక్క పిలుపూ లేదు. ఆదివారం వందనాలు చెబితే వందనాలు అంటారు, ఆ తర్వాత మాట కలపరు. "నేను చెప్పలేదూ?" అంది మా ఆవిడ, అని నా పక్కనే ఆఖరి బెంచీలో కూర్చుంది. అంతకుముందు ఆడవాళ్ల వైపు ముందు వరసలో కూర్చునేది.

ఒక సాయంత్రం ఫోను మోగింది.

"బాబూ, నాను రూతమ్మనండి. మా గుంటకి, దీవెనకి, మల్లీ నొప్పులు. మందులేసేను, రేపు ఆసుపత్రికి దిగుతాం. మీరు సెప్పింది మావోల్లకి సెప్పేను, ఎవులూ నమ్మనేదు. నాకూ సగమే అర్తమయింది. అది కాదుగానీ, ప్రార్థన సెయ్యండి. గుంట మీసేతే సేయించమంటంది. ఫోను దాని సెవి కాడ ఎడతాను."

ప్రార్థన చేయడం నాకు రాక కాదు. నిండు సభల్లో గొంతు చించుకుని చేసినవాణ్ణే. అవన్నీ నా కన్నా ముందు ఇంకెవరో అన్న మాటలు. ఇప్పుడు నా పక్కన ఎవరూ లేరు. ఫోన్లో పిల్ల ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"తండ్రీ" అన్నాను. ఆగిపోయాను. మళ్లీ "తండ్రీ" అన్నాను. "ఈ పిల్ల నొప్పి నువ్వు పెట్టింది కాదని నేను వీళ్ల ఊరెళ్లి చెప్పి వచ్చాను. నిన్ను అడక్కుండానే చెప్పాను. నా మాట పోనివ్వకు."

"ఇంకాస్త గట్టిగా బాబూ" అంది రూతమ్మ దూరం నుంచి, "గుంటకి ఇనపడ్నేదంట."